నూకాలు చెలమ

దయ్యాలనీ, పూనకాలనీ, పూర్వజన్మలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. వృక్షశాస్త్రం చదివాను, ఉద్యోగమంతా ఆ పాఠాలే చెప్పాను. ఆకును కోసి భూతద్దం కింద పెట్టి చూస్తే తప్ప ఏ మాటా ఒప్పుకోను. అయినా ఇది రాస్తున్నానంటే ఒకటే కారణం. ఇది పట్టపగలు, నలుగురి మధ్య, నా కళ్ల ముందే జరిగింది.

అరవైల మొదట్లో మాట. మాది జహీరాబాద్. నాయన బెల్లం వ్యాపారం చేసేవాడు. హైదరాబాదులో బి.ఎస్సీ. ముగించి, పై చదువు కోసం వాల్తేరులోని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చిన రోజు ఇల్లంతా గంతులేశాను. సముద్రం పక్కన, కొండ మీద చదువు! అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లు, వానాకాలంలో పొంగిన మంజీర ఒక్కటే.

అడ్డుపడింది బాపమ్మ. నాయన తల్లిని మేమలా పిలుస్తాం. ఆమె పుట్టింది న్యాల్‌కల్ దగ్గరి పల్లెలో, మెట్టింది జహీరాబాద్‌లో. బీదర్ దాటి ఎరగదు. మా ఇంట్లో ఆమె మాటే చివరి మాట.

"సముద్రమంటే ఉప్పునీళ్లేనట గద. తాగనీకి నీళ్లు లేని ఊర్ల ఆడపిల్లనెట్ల ఇడిశిపెడ్తరు? నేనొచ్చి సూస్త. నాకు మంచిగనిపిస్తెనే చదువు, లేకుంటె లేదు" అంది.

నాయన సరేనన్నాడు. మా ఇద్దరినీ తీసుకువెళ్లే బాధ్యత చిన్నాయన మీద పడింది. సీటు వచ్చినా, బాపమ్మ మొహం చిట్లిస్తే అంతే సంగతులు.

సికింద్రాబాదులో ఒకసారి, బెజవాడలో ఒకసారి బండి మారి, పొద్దున్నే వాల్తేరు స్టేషన్లో దిగాం. గాలే వేరుగా ఉంది. తడితడిగా, పెదవికి ఉప్పగా తగులుతోంది. కొండల మీది ఎర్రమట్టి మాత్రం అచ్చం మా చేలల్లో మట్టే. నాకు ఏది చూసినా కేక వేయాలనిపించింది.

రెండు రిక్షాలు మాట్లాడుకున్నాం. ముందు దాంట్లో నేనూ బాపమ్మా, వెనక చిన్నాయన. కొంతదూరం పోయాక రిక్షా అతను కుడివైపు తిప్పబోయాడు. బాపమ్మ అతని వీపు మీద తట్టింది.

"గిటు గాదు బిడ్డా. ఎడమకు పో. గడ్డ దిగంగనే నీళ్లు కనవడ్తయి."

అతను కాలు కింద పెట్టి వెనక్కి తిరిగాడు. "ఆ దారి మూసేసి సానా కాలమైపోనాదమ్మా. మీరు ఇదివరకు ఇక్కడుండీవోరా?"

నేను పకపకా నవ్వాను. "మా బాపమ్మ ఇంత దూరం రావడం ఇదే మొదలు" అన్నాను. ఏదో నోటికొచ్చింది అనేసింది, అది కుదిరింది అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మిట్ట ఎక్కగానే సముద్రం కనబడింది.

ఆ క్షణం గురించి ఎంత రాసినా తక్కువే. ఆకాశం కిందికి వంగి వచ్చిందేమో అనుకున్నాను. నీలం, దాని అవతల ఇంకా నీలం, మధ్యలో బొమ్మలాంటి ఓడ. కదిలే రిక్షాలోనే లేచి నిలబడి "బాపమ్మా, సూడు! సూడు!" అని అరిచాను. ఆమె చూసింది. ఆశ్చర్యపోలేదు. ఊరికి పోయి తిరిగొచ్చిన మనిషి తన పెరటిని ఎలా చూసుకుంటుందో అలా, ఒకసారి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, కొంగు సర్దుకుంది.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. సీటు ఇస్తున్నామని అక్కడే చెప్పారు. చెట్ల నీడల్లో రాతి భవనాలు, కిటికీలోంచి సముద్రం కనిపించే ప్రయోగశాల, అమ్మాయిల హాస్టలు, అన్నీ తిరిగి చూశాను. చిన్నాయన కూడా సంబరపడ్డాడు. బాపమ్మ మాత్రం మంచీ చెడూ ఏమీ అనలేదు. భోజనాలయ్యాక, "నీళ్ల దాకా పోదాం" అంది.

కొండ దిగితే ఇసుక. ఇసుక పక్కన జాలరుల గుడిసెలు. ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకుని మాకు ఎదురొస్తున్నారు. "ఏడికి పోతున్నరమ్మా?" అని బాపమ్మ అడిగింది.

"నీళ్లకి కొండెక్కాలి గదమ్మా" అంది ఒకావిడ. "ఇక్కడెక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ముందోళ్ల కాలంలో మంచినీళ్లుండీవంట. తుఫానుకి పూడిపోనాయంట."

నా ప్రాణం ఉసూరుమంది. వినకూడని మాటే బాపమ్మ చెవిన పడింది, ఇక నా చదువు అయిపోయినట్టే అనుకున్నాను.

బాపమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నడవసాగింది. ఇంట్లో నడుము నొప్పని మూలిగే మనిషి, ఆ ఇసుకలో నాకంటే ముందు పోతోంది. ఒడ్డుకు లాగిన తెప్పలు దాటింది. మొగలి పొదలు చుట్టి వెళ్లింది. సగం ఇసుకలో కూరుకున్న నల్లబండ దగ్గర ఆగి, చటుక్కున కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది.

చిన్నాయనకు సిగ్గేసింది. "అమ్మా, జర లే. అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. నువ్వు గూడ తవ్వు."

చేసేది లేక ఆయనా వంగాడు. నేనూ వంగాను. బిందెల వాళ్లు వెనక్కి తిరిగి వచ్చారు. నవ్వుతూనే కొబ్బరి చిప్పలతో తోడసాగారు. ఎవరో పార తెచ్చారు. మోచెయ్యి లోతు దాటాక నా వేళ్లకు రాయి తగిలింది. దాని పక్కనే ఇంకొకటి. ఇసుక తీస్తుంటే గుండ్రంగా, వరసగా రాళ్లు బయటపడ్డాయి. ఎవరో మనిషి చేత్తో పేర్చిన బావి ఒర అది. ఇంకా తోడితే తడి, తడి కింద నీళ్లు. బురద తేరుకున్నాక మొదట నేనే దోసిట్లో పట్టి తాగాను.

తియ్యగా ఉన్నాయి!

"మంచినీళ్లు!" అని నేను అరిచిన అరుపుకు గుడిసెల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. ఒకామె బాపమ్మను పట్టుకుని గిర్రున తిప్పేసింది. అంత సంతోషం ఒక్కచోట నేను మళ్లీ చూడలేదు.

బాపమ్మ చేతులు దులుపుకుంటూ అంది: "నూకాలు చెలమ ఇది. పూడుకపోతె తోడుకోవాలె గని, గిట్ల ఇడిశిపెడ్తరా?"

పడుచువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెలమకు ఆ పేరుందని వాళ్లకు తెలియదు. గుంపు వెనక నుంచి ఒక ముసలమ్మ మాత్రం అందరినీ తోసుకుంటూ వచ్చింది. కళ్ల మీద పొర కమ్మింది, బాపమ్మకంటే చాలా పెద్దది.

"ఆ పేరు నీకెవులు సెప్పినారు?" అని అడిగింది.

"ఏమో. నోట్లకొచ్చింది."

ఆ ముసలమ్మ పేరు అప్పాయమ్మ. ఆమె చెప్పగా విన్నాను. నూకాలు ఆమె అప్ప, అంటే తోడబుట్టిన అక్క. పడుచుతనంలో ఆ చెలమ తవ్వి రాళ్లు పేర్చింది నూకాలేనట. అప్పాయమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, చెలమను పూడ్చిన ఆ తుఫానులోనే నూకాలూ పోయింది. శవం దొరకలేదు. చెలమకు ఆ పేరని తెలిసినవాళ్లలో మిగిలింది తానొక్కతే. అప్పాయమ్మ బాపమ్మ అరచేతులు తడిమి తడిమి చూసి, ఏడవబోయి నవ్వింది. తొలి బిందెలో నీళ్లు బాపమ్మ చేతే తాగించింది.

"పిల్ల ఈడనే చదువుతది" అంది బాపమ్మ చిన్నాయనతో. నేను ఇసుకలోనే ఎగిరి గంతేశాను.

తిరుగు ప్రయాణంలో, నూకాలు ఎవరని అడిగాను. బాపమ్మ నన్ను వింతగా చూసింది. "గదేం పేరు? మన దిక్కు గా పేరు ఎవలకున్నది?" అంది. సముద్రం గుర్తుంది, చెలమ గుర్తుంది, తియ్యని నీళ్లు గుర్తున్నాయి. పేరు తానే పలికిందంటే మాత్రం నమ్మలేదు.

చిన్నాయన తనకు తోచింది చెప్పాడు. నీళ్లు కరువైన నేల మీద పుట్టింది, వాగుల్లో చెలమలు తీసిన చెయ్యి, ఇసుక చూస్తే తెలిసిపోతుందని. అది సబబే. కొండ మీద కురిసిన వాన ఇసుక కింద ఊరుతుందని నేనూ చెప్పగలను. కానీ మూసేసిన దారి? ఆ పేరు? జహీరాబాద్‌లో, పక్కనున్న చిరాగ్‌పల్లిలో, న్యాల్‌కల్‌లో ఎంతమందిని అడిగానో. నూకాలు అనే పేరు విన్నవాళ్లే లేరు.

వాల్తేరులో చదువుకున్నన్నాళ్లూ, ఆదివారాలు జాలరుల గుడిసెల వైపు వెళ్లేదాన్ని. అప్పాయమ్మ నా గొంతు గుర్తుపట్టి దగ్గర కూర్చోబెట్టుకునేది. మా ఊరి సంగతులు అడిగేది. మీ బాపమ్మ ఎలా ఉందని మాత్రం ఏనాడూ అడగలేదు.

"మా అప్ప బాగుందేటే?" అనేది.

"బాగుంది" అనేదాన్ని. నేను చెప్పింది అబద్ధమో నిజమో నాకు ఈనాటికీ తెలియదు.