మగ్గాలు ఆగిన ఆఖరి ఓవర్

మొన్న తిరుపతిలో ఒక బట్టల కొట్లో కొత్త ధోవతి మడత విప్పగానే గుప్పుమన్న గంజి వాసనకు, నేనెందుకు వచ్చానో, ఎవరికోసం కొంటున్నానో ఒక్క క్షణం మరిచిపోయాను. గంజి, కొత్త నూలు, మగ్గానికి పోసిన నూనె, ఈ మూడూ కలిసిన ఆ వాసనే నా చిన్నతనం. నగరిలో మా వీధి మొత్తం అదే వాసనతో ఉండేది. అన్నం తింటున్నా, నిద్రపోతున్నా, పరీక్షకు చదువుకుంటున్నా అదే వాసన, దాని వెనకే మరమగ్గాల టకటకలు. కరెంటు పోతే తప్ప ఆ చప్పుడు ఆగేది కాదు. ఆగిందంటే వీధివీధంతా ఒక్కసారిగా ఉలిక్కిపడి, అరుగుల మీదికి వచ్చి, ఇప్పుడేం చేయాలో తెలియనట్టు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు.

మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య ఒకే గోడ. తాత బతికున్న రోజుల్లో కట్టిన ఒకే ఇల్లది, తర్వాత రెండు వాకిళ్లయింది. వెనక పక్కన రేకుల షెడ్డులో మా మగ్గాలు నాలుగు, ఆ పక్క షెడ్డులో చిన్నాయనవి నాలుగు. జేజి, అంటే మా నాయన తల్లి, ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్లింట్లో ఉండేది. ఎక్కడున్నా కండెలు చుడుతూనే ఉండేది. మగ్గం శబ్దంలో మాటలు వినపడవు కాబట్టి మా ఇళ్లల్లో అందరికీ సైగల భాష వచ్చు. అన్నానికి రమ్మనడం, పోగు తెగిందని చెప్పడం, ఇంటికి చుట్టాలొచ్చారని చెప్పడం, అన్నీ వేళ్లతోనూ కళ్లతోనూ జరిగిపోయేవి.

ఎండాకాలం వస్తే మాకు బడి లేదు, ఎండ లెక్క లేదు. మగ్గాల కింద రాలిన తెగు నూలును ఉండలుగా చుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కలు తొడిగి బంతులు చేసేవాళ్లం. ఆ బంతి దెబ్బ తగిలితే సుర్రుమనేది కానీ ఇంటి రేకులు పగిలేవి కావు, అందుకే పెద్దవాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు. కొబ్బరి మట్ట బ్యాటు, నూనె డబ్బా వికెట్లు. మగపిల్లలు నన్ను మొదట బంతులేరడానికే పెట్టుకున్నారు గానీ, నా బంతి ఎటు తిరుగుతుందో వాళ్లకు అంతుబట్టక పోయేసరికి ఆ వేసవిలోనే బౌలర్నయ్యాను. ఆడి ఆడి ఇంటికొస్తే వాకిట్లో మామిడికాయల కుప్ప ఉండేది. పచ్చివి ఉప్పూకారంతో, పండినవి మోచేతుల దాకా రసం కారేటట్టు తినేవాళ్లం. గంగమ్మ జాతర రోజుల్లో ఇంటింటి ముందూ వేపాకు కట్టి, కుండల్లో అంబలి పెట్టి, వచ్చిన వాళ్లందరికీ మజ్జిగా ఉల్లిపాయలూ కలిపి పోసేవాళ్లు. ఆ చల్లటి అంబలి గొంతు దిగుతుంటే ఎండ మీద మాకు కోపమే ఉండేది కాదు.

అట్లాంటి ఒక వేసవిలో టీవీలోకి ఊళ్ల పేర్లు పెట్టుకున్న క్రికెట్ జట్లు వచ్చాయి. చెన్నై మాకు బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు. నూలు అక్కడినుంచే వచ్చేది, పెళ్లి పట్టుచీరలకూ పెద్ద డాక్టర్లకూ అక్కడికే పోయేవాళ్లం. కాబట్టి వీధంతా రాత్రికి రాత్రే పసుపు జట్టయింది. చిన్నాయనైతే పసుపు నూలు మిగిలితే చాలు, జెండా నేసి రేకు మీద కట్టేవాడు. మా నాయన ఒక్కడే హైదరాబాదు జట్టు పట్టుకున్నాడు. ఆయన హైదరాబాదు ఎప్పుడూ చూడలేదు. చూసే పనీ పడలేదు. ఎందుకు నాయనా అని అడిగితే, మన మాట మాట్లాడే ఊరికి మనం కాకుంటే ఎవరుంటారన్నాడు. ఆయన పక్క నేనున్నాను. అమ్మకు ఆటతో పనిలేదు. జేజి మాత్రం ఏ మ్యాచ్ అయినా ఓడిపోతున్నవాళ్ల పక్కే ఉండేది. పాపం వాళ్లను కన్నతల్లి చూస్తుంటుంది కదా అనేది.

ఆ మొదటి ఏడాది మా జట్టు ఓడిన తీరు చెప్పాలంటే నాకిప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. పెద్ద పెద్ద ఆటగాళ్లుండి కూడా గెలిచే మ్యాచ్‌లు చేజార్చుకుని పట్టికలో అట్టడుగున నిలిచింది. పసుపు జట్టు కప్పు అంచుదాకా పోయి వచ్చింది. మా జట్టు ఆఖరి మ్యాచ్ ఓడిన మరునాడు చిన్నాయన వీధి పిల్లలను పోగుచేసి, గడ్డి బొమ్మకు క్రికెట్ టోపీ పెట్టి, రేకు డబ్బా మీద చావు డప్పు వాయిస్తూ మా ఇంటి ముందునుంచి ఊరేగింపు తీశాడు. తాను ముందు నడుస్తూ భుజాన నీళ్లకుండ ఎత్తుకున్నాడు. వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది, నేను కూడా నవ్వాను.

అన్నం ముందు కూర్చున్న నాయన చప్పుడు విని బయటికొచ్చి ఆ కుండను చూశాడు. తాత పోయి అప్పటికి ఏడాది నిండలేదు. పెద్దకొడుకుగా ఆ రోజు కుండ మోసింది నాయనే.

“ఆ కుండ దించురా,” అన్నాడు. “నాయనకు ఎత్తిన కుండతో ఆటలాడతా ఉండావు.”

డప్పు ఆగిపోయింది. చిన్నాయన మొహం తెల్లబోయింది. కుండ అక్కడే దించి తలొంచుకుని లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఏడాది పాటు ఒకే గోడకు అటూ ఇటూ బతికారు. తాత ఏడూడికి, అంటే సంవత్సరీకానికి, పక్కపక్కన కూర్చుని కూడా ఒకరినొకరు చూసుకోలేదు. జేజి మా ఇంటినుంచి వాళ్లింటికి మారే రోజు బట్టల మూట చంకన పెట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడి, ఆ గోడ వైపు చూసి కదిలేది.

రెండో ఏడాది ఎన్నికల వల్ల ఆట మొత్తం దక్షిణాఫ్రికాకు పోయింది. అంత దూరం పోయిన మా జట్టు అక్కడ ఏం తిన్నదో ఏమో, పులై తిరిగింది. గెలుపు మీద గెలుపు. మధ్యలో తడబడినా పడిపోలేదు. నాలుగు జట్లే మిగిలిన చోట మేమూ ఉన్నాం, పసుపువాళ్లూ ఉన్నారు. సెమీఫైనల్లో మా కెప్టెన్ ఢిల్లీ బౌలర్లను రేవులో బట్టలుతికినట్టు ఉతుకుతుంటే, నాయన కుర్చీ వదిలి బల్లెక్కాడు, ఇంకో సిక్స్ పడగానే ఎగిరాడు. దిగడం మాత్రం బల్ల మీదికి కాదు. కుడి చేయి కింద పడి మణికట్టు విరిగింది. నొప్పితో పళ్లు కొరుకుతూనే, ఎంత కొట్టాలో చెప్పమని నన్నడిగాడు.

తెల్లారి పుత్తూరు పోయాం. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి మా పక్క ఎవరూ ఇంకో చోటు ఆలోచించరు. అక్కడి వరండాలో విరిగిన కాళ్లూ చేతులూ మూడు రాష్ట్రాలనుంచి వచ్చి కూర్చుని ఉన్నాయి. తమిళం, కన్నడం, తెలుగు, అన్నీ క్రికెట్టే మాట్లాడుతున్నాయి. కాలికి కట్టు మార్పించుకోవడానికి కోలారు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ట్రంకుపెట్టె మీద కాలు చాపుకుని, నాయన చేయి ఎట్లా విరిగిందో విని పక్కన చోటిచ్చాడు. ఆయనది బెంగుళూరు జట్టు.

“ఈ పొద్దు పసుపోళ్లను కొడతాం, రేపు మిమ్మల్ని కొడతాం,” అన్నాడు. “ఉండే ఇంకో చేయన్నా భద్రంగా పెట్టుకోప్పా.”

నాయన ఆ నొప్పిలోనూ నవ్వాడు. ఆకు పసరు పూసి, తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి బిగిస్తున్నంతసేపూ ఆయనతో వాదిస్తూనే ఉన్నాడు. కోలారాయన అన్నంత పనీ అయింది. ఆ సాయంత్రమే బెంగుళూరు చేతిలో పసుపు జట్టు ఓడింది. గోడవతల చిన్నాయన టీవీ కట్టేసిన చప్పుడు మాకు వినపడింది. మా వీధిలో అంత నిశ్శబ్దాన్ని కరెంటు కోతలో కూడా నేను వినలేదు.

అయితే మాకు సంతోషించే వీలు లేదు. తిరుపతి షావుకారుకు సోమవారం పొద్దున్నే ధోవతుల సరుకు అందాలి. అది తప్పితే ఇక మా దగ్గర నేయించనని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. మాతో పనిచేసే మనిషి జాతరకని సొంతూరు పోయాడు. తెగిన పోగు ముడేయాలంటే రెండు చేతులూ కావాలి, నాయనకు ఒక్కటే ఉంది. అమ్మ ఒక్కతే నాలుగు మగ్గాలు చూడలేక, రెండు ఆపేసి రెండు నడిపింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలవుతుండగా షెడ్డులో మూడో మగ్గం కదిలింది, ఆ వెంటనే నాలుగోది. అమ్మ మా ముందే కూర్చుని ఉంది. నాయన ఎడమ చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను పరుగెత్తి చూస్తే చిన్నాయన. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తెగిన పోగు పెదవుల మధ్య పట్టుకుని ముడేస్తున్నాడు. నన్ను చూసి, వెళ్లి తినమని కళ్లతో సైగ చేశాడు.

నాయనకు చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

పొద్దుగూకి ఫైనల్ మొదలయ్యేసరికి వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. తమ జట్టును ఓడించిన బెంగుళూరు గెలవకూడదని నిన్నటిదాకా మమ్మల్ని ఎగతాళి చేసిన పసుపువాళ్లందరూ మా వాళ్లయిపోయారు. జేజి పళ్లెం నిండా మామిడి ముక్కలు తెచ్చింది. ముక్కు తేలిన ఆ కాయను మా జిల్లాలో బెంగుళూరా అంటారు. ఆమె తెలిసి తెచ్చిందో తెలియక తెచ్చిందో గానీ, బెంగుళూరును ముక్కలు కోసి కారం పూశామని అందరూ ఎగబడి తిన్నారు.

మొదటి ఓవర్లోనే మా కెప్టెన్ సున్నాకు పోయాడు. నేను షెడ్డుకు పరుగెత్తి, రెండు వేళ్లు కలిపి సున్నా చూపించాను. చిన్నాయన నెత్తి కొట్టుకున్నాడు. ఇక ఆ సాయంత్రమంతా నా పని అదే. ఫోరు పడితే నాలుగు వేళ్లు, వికెట్ పడితే అడ్డంగా చేయి, బెంగుళూరు వికెటయితే చిన్నాయన మగ్గాల మధ్యే ఒక చిందు. మా వాళ్లు చేసిన పరుగులు చాలవని అందరికీ తెలుసు. బెంగుళూరు కొడుతుంటే ఇల్లు మూగబోయేది, వికెట్ పడితే రేకులు అదిరేవి. గుమ్మం తగిలి మోకాలు దోక్కుపోయింది, చూసుకోనైనా లేదు. లోకంలో ఇంతకంటే పెద్ద సంగతి ఇంకెక్కడా జరగడం లేదని నాకు గట్టి నమ్మకం.

ఆఖరి ఓవరుకు ఆట ఎటైనా పోయేటట్టుంది. అప్పుడు నాయన లేచాడు. అందరూ టీవీ ముందు కూర్చోమని అరుస్తున్నా వినకుండా, కట్టు చేతిని గుండెకు ఆనించుకుని షెడ్డులోకి నడిచాడు. నేను వెనకే పోయాను. ఎడమ చేత్తో షెడ్డు మెయిన్ స్విచ్ దించేశాడు. మగ్గాలు నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. చిన్నాయన తిరిగి చూశాడు.

“రారా. ఆకరి ఓవరు,” అన్నాడు నాయన. “నువ్వు లేకుండా నేను సూడలేను.”

“మరి సరుకు, అన్నా?”

“సరుకు పొద్దున్నే పోతాది. ఇది మళ్లా వస్తాదో రాదో.”

చిన్నాయన నూలు అంటిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు. “ఆ కుండ నేను ఎత్తకుండా ఉండాల్సింది అన్నా,” అన్నాడు. నాయన బాగున్న చేయి తమ్ముడి మెడ మీద వేసి ఇంట్లోకి తీసుకొచ్చాడు.

ఆరు పరుగుల తేడాతో గెలిచాం. ఆఖరి బంతి పడగానే ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. పసుపు జెండాలే ఊపారు, ఇంట్లో వేరే రంగు జెండా ఉంటే కదా. నాయన మళ్లీ ఎగరబోతే చిన్నాయన రెండు చేతులతో నడుం పట్టుకుని ఆపాడు. జేజి ఒక్కతే, ఓడిన ఆ బెంగుళూరు పిల్లోళ్లను చూసి కళ్లొత్తుకుంటోంది. ఆమె ఏడ్చింది వాళ్ల కోసమేనో, ఇద్దరు కొడుకులనూ ఒకే టీవీ ముందు చూసినందుకో ఎవరూ అడగలేదు. తర్వాత వీధిలో సగం మంది మా షెడ్డులోకి దిగారు. తెల్లారేసరికి ధోవతులు మడతలు పడి బస్సెక్కాయి.

ఆ గెలుపు మళ్లీ రాలేదు. మరికొన్ని వేసవులకు ఆ జట్టే లేకుండా పోయింది. పేరు పోయింది, రంగు పోయింది, హైదరాబాదుకు ఇంకో జట్టు వచ్చింది. పేపర్లో ఆ వార్త చదివిన రోజు చిన్నాయన మెల్లగా, మా పక్కకు వచ్చేయన్నా అన్నాడు.

“నాయన పోయినాడని పక్కింటాయన్ను నాయనా అంటామా?” అన్నాడు నాయన.

తర్వాతెప్పుడో పసుపు జట్టునూ రెండేళ్లు ఆటకు దూరం పెట్టినప్పుడు, ఆ రెండు వేసవులూ నాయన ప్రతి సాయంత్రం చిన్నాయన ఇంటికి పోయి కూర్చున్నాడు. తమవి కాని జట్ల ఆటను ఇద్దరూ ఆ పూటకు ఎవరు ఓడుతుంటే వాళ్ల పక్కన చేరి చూశారు. జేజి అప్పటికి లేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు అక్కడక్కడా తప్ప లేదు. మా నాలుగూ పాత ఇనుముకు పోయాయి. నూలు బంతులు చుట్టేవాళ్లు లేరు, ఒక టీవీ ముందు వీధంతా కూర్చోవడం లేదు. ఎవరి ఆట వాళ్ల ఫోన్లో వాళ్లు చూసుకుంటున్నారు. నేను తిరుపతిలో బడిపంతులమ్మను. ఈ వేసవి సెలవులకు ముందు ఏడో తరగతి పిల్లలు ఎవరిది ఏ జట్టని కొట్టుకుంటూ, మేడమ్ మీది ఏది అని నన్ను పట్టుకున్నారు. చెప్పాను. ముందు బెంచీ పిల్ల మిగతావాళ్ల మొహాలు చూసి, అట్లాంటి జట్టు లేదు మేడమ్ అంది.

“ఉండేది,” అన్నాను.

“కప్పు గెలిచినారా మేడమ్ వాళ్లు?”

“గెలిచినాం,” అన్నాను.