నాలుగు కుక్కల పేర్లు అయ్యేదాకా

ఇష్బెల్ ఆంటీ ఈకని కంటితో చూడదు, కింది పెదవికి ఆనించి చూస్తుంది. కోడిపుంజు మెడ ఈక అది. గుచ్చుకుంటే ఉంచుకుంటుంది, మెత్తగా తగిలితే పారేస్తుంది. మెత్తటి ఈక నీళ్లు తాగి మునుగుతుంది. గాలానికి ఎరగా ఆమె కట్టే ఉత్తుత్తి ఈగ మునగకూడదు. నిజం ఈగలా నీటి మీద కాళ్లానించి నిలబడాలి, ట్రౌట్ చేప నమ్మాలి.

గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో నలభై ఏళ్లు వంట చేసిందామె. మటౌరా నదిలో కలిసే మా వాగు పొడుగునా ఆమె ఈగ గుచ్చని టోపీ కనపడదు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. చూపు నడిమధ్య అంతా మసక, అంచులే మిగిలాయి. మా వైపు జూన్‌లో మొదలయ్యే ఈ చలికాలం దాటితే అవీ ఉండవన్నాడు డాక్టరు.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన నన్ను పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టింది.

"కర్స్టీ, రేపటితో చేపల సీజన్ ఆఖరు. తడుముకుంటూ కట్టిన ఈగని ఆ విల్లో చెట్టు కింది మామగారు నమ్మాడా, సరే. నమ్మలేదా, ఈ ఈకలూ దారాల పెట్టె నువ్వు పట్టుకుపో. ఊరికే ముడులేసుకుంటూ కూర్చోను నేను."

మామగారంటే ఓ పెద్ద గోధుమరంగు ట్రౌట్. మూడు సీజన్ల నుంచి ఎవరి ఈగా ముట్టలేదు.

"అచ్చం మా మామగారే," అంటుంది ఆంటీ. "ఏం పెట్టినా వాసన చూసి వదిలేసేవాడు."

కుందేలు చెవి బొచ్చుని వేళ్ల మధ్య నలిపి, దారానికి పట్టించి, కొక్కేనికి చుట్టింది. మధ్యమధ్య దారాన్ని గోటితో మీటింది. సన్నగా మోగింది.

"విన్నావా? ఇంకో పిసరు లాగితే తెగుతుంది."

ఈకని సరిగ్గా మూడు చుట్లు తిప్పి ముడేసింది. కళ్లున్న నేను అదే ఈగని ఆరు చుట్లు వేసి కట్టి అందించాను. వేలితో తడిమి పకపకా నవ్వింది.

"ఇది ఈగటే? సీసాలు కడిగే బ్రష్షు!"

మర్నాడు మధ్యాహ్నానికి ఎండొచ్చింది. ఈగలు రెక్కలు నిలబెట్టుకుని నీటి మీద జారుకుంటూ వస్తున్నాయి. విల్లో కింద నల్లటి ముక్కు తేలింది, మునిగింది.

"ఉన్నాడాంటీ! గడియారంలో పదకొండు అంకె ఉండే వైపు. రెండు కర్రల దూరం."

గాలపు కర్ర రెండుసార్లు ఊపి వదిలింది. ఈగ కొమ్మ అంచున వాలింది. ఆ నిజం ఈగల గుంపులో ఆమెది ఏదో నేనే ఒక్క క్షణం మర్చిపోయాను!

ముక్కు లేచింది. నోరు తెరుచుకుంది. ఈగ లేదు.

"లాగాంటీ! లాగు!"

ఆమె కదల్లేదు.

మా లోయలో ఇది అందరికీ తెలిసిందే. పెద్ద చేప తీరిగ్గా నోరు మూసుకుని కిందికి దిగాకే లాగాలి. ముందే లాగితే తెరిచిన నోట్లోంచి ఈగ ఖాళీగా వచ్చేస్తుంది. అందుకే ఆ కాసేపు ఆగడానికి ఎవరికి వాళ్లు ఏదో ఒకటి అనుకుంటారు. మా నాన్న "ఇంటికెళ్లి టీ తాగుదాం" అంటాడు. తెలిసి తెలిసీ అరిచాను నేను.

"మాగీ," అంది ఆంటీ, దొడ్లో కుక్కని పిలిచినట్టు. "ఫ్లాస్."

"ఆంటీ, పోతాడు!"

"టిప్. జెస్."

అప్పుడు కర్ర ఎత్తింది. కర్ర విల్లులా వంగింది. వాగు బద్దలైనట్టు నీళ్లు లేచాయి.

చివరికి చేపని వలలోకి తెచ్చాం. ఆమె చేతులు తడుపుకుని చేపని తల నుంచి తోకదాకా మెల్లగా తడిమింది. వేలు దవడ మూల దగ్గర ఆగింది.

"ఇక్కడుంది. పెదవి చివర కాదే, లోపల మూలన! నమ్మే మింగాడు ముసలోడు."

కొక్కెం తీసి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, తోక ఆడించగానే వదిలేసింది. చాలాసేపు చేతులు నీళ్లలోనే ఉంచుకుంది.

ఒడ్డున చీజ్ రోల్ తింటూ నెమ్మదిగా అడిగాను.

"మరి ఆ పెట్టె?"

"ఏ పెట్టె?" అంది ఆంటీ. "ఇంకోసారి చెవిలో అలా అరిచావంటే నిన్ను వాగులో తోస్తా. ఆ ఈగ ఇటివ్వు, ఆరబెట్టాలి."