పది సెకన్లకోసారి ఓడ

2023 ఆగస్టు. వాకాడు మండలంలో, సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. కార్డు మీద నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ అని ఉండేది. నెట్ అంటే వలే కాబట్టి, మా తీరంలో అందరిలాగే నేనూ వల మీదే బతుకుతున్నానని చెప్పుకునేవాణ్ణి. తేడా ఒక్కటే. వాళ్ళ వలలో చేపలు పడతాయి, నా వలలో ఎక్కువసార్లు నేనే పడతాను.

తినే సరుకు తయారయ్యే చోటు కాబట్టి, కార్మికులూ ల్యాబు వాళ్ళూ ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి లోపలికి రావాలి. ఆఫీసు గదిలో కూర్చునే మా నలుగురికే మినహాయింపు. ల్యాబులో షాహీనా అనే టెక్నీషియన్ ఉండేది. రొయ్యల్లో మందుల అవశేషాలున్నాయేమో పరీక్షించడం ఆమె పని. భర్త రఫీ సరుకు ఓడ మీద డెక్ పని చేస్తాడు. ఇల్లు విడిచి అప్పటికి తొమ్మిది నెలలు.

ఏ ఓడ ఎక్కడుందో మ్యాపు మీద చుక్కగా చూపించే వెబ్‌సైటు ఒకటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ల్యాబు కంప్యూటర్లో రఫీ ఓడ చుక్కను చూసుకోవడం ఆమె అలవాటు. కదలకపోతే రిఫ్రెష్ నొక్కి నొక్కి మౌసు అరగదీసేది. మౌసు మీద జాలేసి, ఒక శుక్రవారం ఆ పేజీ పది సెకన్లకోసారి దానంతటదే రిఫ్రెష్ అయ్యేలా పెట్టిచ్చాను.

"నీకు పుణ్యముంటాదన్నా" అంది.

సోమవారం తొమ్మిదిన్నరకు ల్యాబు నుంచి ఇంటర్‌కమ్ మోగింది.

"అన్నా, ఓడ సైటు రాలా. యాక్సెస్ డినైడ్ అంటా ఉండాది."

"నేనేం బ్లాక్ చెయ్యలేదమ్మా."

"నువ్వు చేసినావని ఎవరన్నారన్నా? ఆయన ఓడ మద్రాసు నుంచి విశాఖపట్నం పోతా ఉండాది. మన ముందర నుంచే పోవాల. రాత్రే కదలాల్సింది, లేటయిందంట. మనకు ఎదురుగా ఎప్పుడొస్తాదో తెలిస్తే ఆ టయానికి మేడెక్కుతా. ఒడ్డు దగ్గరైతే ఆయనకు సిగ్నలు కూడా దొరుకుతాది."

ల్యాబు నుంచి బయటికి రావడమంటే మాటలు కాదు. కోటు, టోపీ, బూట్లు విప్పాలి. తిరిగి వెళ్ళేటప్పుడు చేతులు కడిగి, క్లోరిన్ నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి, మళ్ళీ అన్నీ తొడుక్కోవాలి. పూటకు ఒక్కసారే అనుమతి. ఆ ఒక్కసారిని ఎప్పుడు వాడుకోవాలో ఆమెకు తెలియాలి.

"పది నిమిషాల్లో తెరిపిస్తా" అన్నాను.

అటుగా వెళుతున్న మేనేజరు గారు తల లోపలికి పెట్టారు. "ఏమయ్యా, మొన్న క్రికెట్టు సైటు ఆపినావు, ఇప్పుడు సముద్రమే మూసేసినావా?"

అది గుచ్చుకుంది. తప్పు నాది కాదని రుజువు చెయ్యాలనే పంతంతో ఫైర్‌వాల్ తెరిచాను. లోపలికి ఎవరు రావాలో, బయటికి ఎవరు పోవాలో చూసే కాపలాదారు అది. నిప్పుగోడ అని పేరు గానీ, సెగ తగిలేది ఎప్పుడూ నాకే. అందులోని నియమాలన్నీ వరసగా చదివాను. ఓడల సైటును ఆపే నియమం ఒక్కటీ లేదు. కేబుళ్ళు మార్చాను. అన్నిటినీ ఆపి మళ్ళీ వేశాను. మా వైద్యంలో అన్ని రోగాలకూ అదే గోలీ.

పదిన్నరకు మళ్ళీ షాహీనా. "అన్నా, వచ్చిందా?"

"ఇదిగో, వచ్చేస్తుంది."

"సైటు కాదన్నా, ఓడ."

"సైటు వస్తే ఓడా వస్తుంది గదమ్మా!" అని పెట్టేశాను.

పన్నెండున్నరకు లాగ్ తీశాను. ఏ కంప్యూటరు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళిందో రాసి ఉండే చిట్టా అది. ల్యాబు కంప్యూటరు నుంచి ఓడల సైటుకు పది సెకన్లకోసారి పిలుపు. శుక్రవారం సాయంత్రం నుంచి, ఆదివారం సెలవుతో సహా, ఆగకుండా. మా ఫ్యాక్టరీలో ఎన్ని కంప్యూటర్లున్నా బయటివాళ్ళకు ఒకే ఐపీ అడ్రసుతో, అంటే ఒకే ఇంటి నంబరుతో కనపడతాయి. ఈ ఇంటి నుంచి ఎవరో మనిషి కాని వాడు రేయింబవళ్ళు తలుపు తడుతున్నాడని సైటు వాళ్ళు ఆ నంబరుకే తలుపేసుకున్నారు. తట్టింది నా పుణ్యం.

నిర్ధారించుకోవడానికి నా ఫోన్లో వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద, అంటే వేరే ఇంటి నంబరుతో, సైటు తెరిచాను. రెప్పపాటులో తెరుచుకుంది. చుక్క మమ్మల్ని దాటి, కృష్ణపట్నం కూడా దాటి, పైకి పోతోంది.

మా వృత్తిలో అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదే. అర నిమిషం పని. తొమ్మిదిన్నర నుంచీ ఆ ఫోను నా మోచేతి పక్కనే ఉంది.

ల్యాబు అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. కోటు విప్పి బయటికొచ్చింది.

"పోయిందా అన్నా?"

"పోయిందమ్మా. నేనే..." అంటూ పది సెకన్ల సంగతి మొత్తం చెప్పాను.

ఆమె గేటు దగ్గర ఫోను తీసుకుని మేడెక్కింది, వెనకాలే నేను. సముద్రం మీద రెండు మరపడవలు తప్ప ఏమీ లేవు. ఫోన్లో రెండు మిస్డ్ కాల్సు, ఒక వాయిస్ మెసేజీ. నొక్కింది. ముందు గాలి హోరు, తర్వాత రఫీ గొంతు.

"షాహీనా, మీ ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు కనపడతా ఉండాది. బైనాక్యులరు అడుక్కోని చూస్తా ఉండా. పైకొచ్చినావా? చెయ్యి ఊపుతా ఉండా, నువ్వూ ఊపు..."

అక్కడితో ఆగిపోయింది. ఆమె సముద్రం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, మేడ మీదే ఉన్న ట్యాంకును చూసింది. దగ్గరికి వెళ్ళి దాని గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"పోనీలే అన్నా" అంది. "ఆయనకు ఇదన్నా కనపడింది."

సైటు వాళ్ళకు క్షమాపణ మెయిలు రాస్తే మూడో రోజుకు తలుపు తీశారు. అప్పటికి చుక్క విశాఖ కూడా వదిలేసింది.

ఇప్పుడు ఎవరైనా సైటు రావడం లేదంటే, నేను ఫైర్‌వాల్ తెరవను. "అందులో మీకేం చూడాలి?" అని అడిగి, ముందు నా ఫోన్లో అది చూసి చెబుతాను. బాగుచెయ్యడం ఆ తర్వాత. సైటు ఎన్నాళ్ళైనా ఆగుతుంది, ఓడ ఆగదు.