గరిటక్క ఎర్ర కుకీలు

ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. బట్టలకు రంగులు వేసే కార్ఖానాలో పని. మరుగుతున్న రంగు తొట్టి ముందు నిలబడి పొడుగాటి కర్రతో గుడ్డను తిప్పుతూనే ఉండాలి. ఆపితే రంగు ఒకచోట ముద్ద కట్టి, ఇంకోచోట వెలిసిపోయి మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తిప్పీ తిప్పీ ఆమెకు ఆ తిప్పడం ఒంటికి పట్టేసింది. టీ తాగుతూ గ్లాసు తిప్పుతుంది, బస్సు కోసం నిలబడి గొడుగు తిప్పుతుంది. కార్ఖానావాళ్లు ఊరుకుంటారా, గరిటక్క అని పేరు పెట్టారు. ఆమె కోపగించుకోలేదు సరికదా, ఆ పేరుతో పిలిస్తేనే ముందు పలికేది.

ఇక ఈమెకు పెళ్లేమిటి అని అందరూ చేతులు దులిపేసుకున్న వయసులో ఒక బస్సు డ్రైవరును చేసుకుంది. మొదటి భార్య పోయిన మనిషి. తొమ్మిదేళ్ల కూతురు ఉంది. కొత్తింట్లో మొదటి పూట గరిటక్క వండి వడ్డిస్తే ఆ పిల్ల కంచం మెల్లగా అవతలికి జరిపింది.

"నాన్న చేస్తేనే తింటాను," అంది. అంతే. ఏడుపు లేదు, మారాం లేదు. మారాం చేసినా బాగుండేది, గరిటక్క ఏదో ఒకటి చెప్పి దారిలోకి తెచ్చుకునేది.

సంగతేమిటంటే, పిల్ల దగ్గర వాళ్ల అమ్మమ్మ ఒక మాట తీసుకుంది. "ఆవిడ చేతులనిండా రంగులూ మందులూనే తల్లీ. ఆ చేతి తిండి తిననని నాకు మాటివ్వు," అంది. కూతుర్ని పోగొట్టుకున్న ముసలావిడ, ఆమెను అనీ లాభం లేదు. ఎంత తోమినా గరిటక్క గోళ్ల చుట్టూ నీలం పోని మాట నిజమే. కానీ అదే చేతి వంట తిని డ్రైవరు నిక్షేపంలా ఉన్నాడు, పైపెచ్చు కాస్త ఒళ్లు కూడా చేశాడు. ఆ ముక్క వెళ్లి అమ్మమ్మతో ఎవరు చెప్పాలి? రోజూ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, ఏం తిన్నావు, ఎవరు పెట్టారు అని పిల్లను అడుగుతూనే ఉంటుంది.

ఇన్నాళ్లూ పిల్లకు తండ్రే వండిపెట్టి పనికి వెళ్లేవాడు. ఇప్పుడతనికి తెల్లారకముందే బయలుదేరే బస్సు వేశారు.

"ఆదివారం పిల్ల అమ్మమ్మ వస్తానంది," అన్నాడొక సాయంత్రం, చెప్పులు విప్పుతూ. "ఆలోగా పిల్ల తిండికి ఏదో ఒక దారి చూడకపోతే తనతో తీసుకెళ్తుందట. అక్కడే బడిలో వేస్తుందట."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? పస్తుపెట్టి ఉంచుకుంటానని అనగలనా?"

ఆ పిల్లంటే గరిటక్కకు ప్రాణం. దగ్గరికి రాకపోయినా సరే. తలదువ్వుకుంటూ ఆ పిల్ల తనలో తను లెక్కలు వల్లించుకుంటుంటే గరిటక్క గుమ్మం పక్కన నిలబడి వినేది. ఆ గొంతు లేని ఇంటిని తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడలేదు. రాత్రి పడుకుంది గానీ కంటిమీద కునుకు లేదు.

పిల్ల ఆమె దగ్గర పుచ్చుకునేది ఒక్కటే, మలుపులో ఉన్న బేకరీ నుంచి తెచ్చిన రెడ్ వెల్వెట్ కుకీలు. అవీ సంచి మూతి తనే విప్పాలి. మందంగా, ఎర్రగా, పైన పగుళ్లతో, కొరికితే లోపల మెత్తగా ఉండి మధ్యమధ్య తెల్ల చాక్లెట్ ముక్కలు తగిలే రకం. అచ్చం అలాంటివే ఇంట్లో చేస్తే? ఒక్కసారి తన చేతిది నోట్లో పడితే చాలు, మిగతాది తను చూసుకుంటుంది. పక్కింటావిడ దగ్గర చిన్న ఓవెన్ అరువు తెచ్చింది.

మొదటిసారి పిండి, కోకో, వెన్న, చక్కెర, గుడ్డు, ఎర్ర రంగు అన్నీ గిన్నెలో వేసి కలపడం మొదలుపెట్టింది. కలిపింది, కలిపింది, ఇంకా కలిపింది. ఆపితే మచ్చలు పడతాయి కదా మరి. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చింది. ఓవెన్ లోంచి వచ్చినవి చెప్పు అట్టల్లా ఉన్నాయి. డ్రైవరు ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "పర్లేదు," అన్నాడు. అంతకన్నా తిట్టినా నయమే.

రెండోసారి కొంచెం తక్కువే కలిపింది. కానీ కుకీల ఎరుపు ఓవెన్‌లో గోధుమరంగుకు తిరిగిపోతోందని ఆమెకు బెంగ. పట్టుకూ ఉన్నికీ రంగు గట్టిగా పట్టాలంటే తొట్టిలో వెనిగర్ పోస్తారు. కుకీల్లో ఎలాగూ ఒక చెంచా వెనిగర్ పడుతుంది, ఇంకాస్త పోస్తే ఏం పోయింది అనుకుని ధారగా ఒంపేసింది. బడినుంచి వచ్చిన పిల్ల ముక్కు మూసుకుంది. ఆ రాత్రి తండ్రితో, "ఇల్లంతా ఆవిడ కార్ఖానా వాసనొస్తోంది నాన్నా," అనడం గరిటక్క చెవిన పడింది. ఆ మాటకు ఆమె మొహం కందిపోయింది. కుకీలన్నీ చెత్తబుట్టలో కుమ్మరించింది.

మర్నాడు పని దిగి, సిగ్గు పక్కనపెట్టి, నేరుగా బేకరీకే వెళ్లింది. ఓవెన్ దగ్గరుండే అతను ఆమె గోడు అంతా విని నవ్వాడు.

"పిండి కనిపించకుండా పోగానే ఆపెయ్యాలక్కా. ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోవాలి. ఓవెన్‌లోంచి ఇంకా ఉడకలేదే అనిపించినప్పుడే తీసెయ్యాలి. గట్టిపడే పని అవే చూసుకుంటాయి."

"మర్చిపోవడం అంటే ఎంతసేపు?"

"అదిగో, అలా అడక్కుండా ఉన్నంతసేపు," అన్నాడు.

శనివారం చివరి అవకాశం. పిండి కలిసీ కలవగానే గరిటె పడేసి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. ఉండలు ఫ్రిజ్‌లో పెట్టి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తలుపు తీసి చూడబుద్ధేస్తే వీధిలోకి పోయింది, మళ్లీ వచ్చింది, ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికింది. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఓవెన్ తెరిచేసరికి ఎర్రగా, మందంగా, పైన పగుళ్లు తేలి, అచ్చం బేకరీవే. వేడిమీదే పైన కూడా తెల్ల చాక్లెట్ ముక్కలు అద్దింది.

అప్పుడు ఒక బుద్ధితక్కువ పని చేసింది. బేకరీ సంచి ఒకటి ఉంటే అందులో వేసి మూతి మడిచి బల్లమీద పెట్టింది. భయం మరి, ఏం చేస్తుంది.

"బేకరీవి తెచ్చాను," అంది పిల్ల రాగానే.

పిల్ల సంచి విప్పి ఒకటి తింది. రెండోది తీసుకుంది. గరిటక్క కడుపు నిండినట్టయింది, కానీ ఒక్క క్షణమే. తింటోంది, కానీ తన చేతిదని తెలియకుండా తింటోంది. అసలే నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"అవి బేకరీవి కావమ్మా. నేనే చేశాను. సంచి ఒక్కటే వాళ్లది."

పిల్ల నమలడం ఆపింది. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"వేడిగా ఉన్నాయి. వీధి మొదట్లోకే వాసనొచ్చింది. నాకేం జలుబు లేదు."

"మరి ఎందుకు తిన్నావు?"

"నువ్వు బేకరీవని చెప్పావుగా. అమ్మమ్మ అడిగితే నేనూ అదే చెబుదామనుకున్నా. ఇప్పుడు నిజం చెప్పేసి మొత్తం పాడుచేశావు," అంది పిల్ల, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

తినాలని ఈ పిల్లకూ ఉందన్నమాట. తినడానికి ఒక సాకు వెతుక్కుంటే, ఆ సాకు కూడా తనే లాగేసుకుంది. గరిటక్క తనను తను తిట్టుకుంటుండగానే ఫోన్ మోగింది.

పిల్ల ఎత్తింది. అమ్మమ్మ గొంతు గదంతా వినిపించేంత పెద్దది. "ఏం తిన్నావే తల్లీ?"

"కుకీలు."

"ఏ బేకరీవి?"

పిల్ల గరిటక్క వైపు చూసింది. బేకరీవనే చెప్పెయ్, ఏం ఫర్వాలేదు అన్నట్టు గరిటక్క సంచి ఎత్తి చూపించింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"బేకరీవి కావు అమ్మమ్మా. మనింటివి. పిన్ని చేసింది. మాట తప్పాను, తిట్టకు."

గరిటక్క బల్ల అంచు పట్టుకుంది. పిల్ల మూడో కుకీ తీసుకుని, కొరక్కుండా చేతిలో పట్టుకుని కూర్చుంది.

అవతల ముసలావిడ గొంతు సవరించుకుంది. "బాగున్నాయా?" అని అడిగింది.