కిటికీలోంచి వేసిన తువ్వాలు

కర్నూలులో కోసిగి బస్సెక్కుతూ ఫోన్లో మా టీమ్ అమ్మాయితో వాదిస్తున్నాను. మేం తయారుచేస్తున్న ప్రోగ్రామింగ్ భాషలో, అక్కర్లేని డేటాను మెమరీలోంచి ఊడ్చేసే భాగం నాది.

"బయటి సి భాష కోడ్ చేతికిచ్చిన డేటా అయినా సరే, మనవైపు ఎవరూ వాడకపోతే తీసేద్దాం. బయట ఎవరు పట్టుకున్నారో మనకెందుకు?" అంటూనే, ఖాళీ సీటు మీదున్న తువ్వాలును పై అరలో పడేసి కూర్చున్నాను. మా వైపు బస్సుల్లో తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే. నాకు తెలియనిదేం కాదు.

జనాన్ని తోసుకుంటూ, మోకాలికి గుడ్డ కట్టుకున్న పెద్దాయన వచ్చాడు.

"ఈడ టవాల ఏసింటి, యాడికి పాయ?"

పైకి చూపించాను.

"నేను కింద ఉంటే ఏమప్పా, నా గుర్తు లోపల ఉండె కదా," అన్నాడు.

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎమ్మిగనూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను లేవలేదు. ల్యాప్‌టాప్‌లో తల దూర్చాను.

మరునాడు పద్ధతి మార్చాను. సి కోడ్‌కు ఇచ్చినదాన్ని, తన పని అయిపోయిందని ఆ కోడే చెప్పేదాకా కదిలించం, తీసేయం.

"భలే ఆలోచించారు సార్," అంది ఆ అమ్మాయి.

ఆలోచన నాది కాదని చెప్పాలంటే, ఆయన్ని నిలబెట్టిన సంగతీ చెప్పాలి. చెప్పలేదు.