కానుగ చెట్ల కింది ఆకు

2022 మొదట్లో మాదాపూర్‌లో ఆఫీసులు ఒక్కొక్కటే మళ్ళీ తెరుస్తున్నారు. నేను పెస్ట్ కంట్రోల్‌లో పనిచేసేవాణ్ణి. ఒక క్యాంపస్ నుంచి పిలుపు వచ్చింది. క్యాంటీన్ అద్దాల మీద చిన్న గోధుమరంగు దీపపు పురుగులు వాలుతున్నాయి, మందు కొట్టాలి.

మందుకు ముందు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. పురుగు ఎక్కడ పుడుతోందో, ఏం తింటోందో చూడటం. ఆవరణంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. క్యాంటీన్ వెనక కానుగ చెట్ల కింద మాత్రం మోకాలెత్తు ఎండుటాకుల కుప్ప.

"ఇక్కడే పుడుతున్నాయండి," అన్నాడు మేనేజరు. "ఎన్నిసార్లు చెప్పినా ఈ సత్తెమ్మ ఇక్కడ చీపురు పెట్టదు. మందు కొట్టేయండి. రేపటి నుంచి ఆమెను మానిపించేస్తాను."

తోటపని చేసే సత్తెమ్మ పక్కనే ఉంది. "గీ ఆకు మా ఆయన పోసిండు సార్," అంది నాతో. "గీడనే పనిచేస్తుండె. ఆకు చెట్టుదే, చెట్టుకే పెట్టాలె అనెటోడు. కరోనాల పోయిండు. నన్ను తీసేస్తే తీసెయ్యమను. దీనిమీద మందు కొట్టకున్రి."

కూర్చుని ఆకులు తిరగేశాను. దారప్పోగంత లార్వాలు, అంటే గొంగళి పిల్లలు, ఎండుటాకును ఈనెలు మిగిల్చి తింటున్నాయి. వీటిని లిట్టర్ మాత్‌లంటారు, రాలిన ఆకు తిని బతికే జాతి. చెట్ల పచ్చాకుకు ఒక్క గాటు లేదు.

"ఇవి చెట్లను ముట్టవు, మీ బియ్యం పప్పుల్నీ ముట్టవు," అన్నాను. "వెలుతురుకు వస్తున్నాయి. అద్దాల దగ్గర తెల్ల లైట్లు తీసి పసుపువి పెట్టండి. ఆమె తప్పేమీ లేదు, రిపోర్టులో అదే రాస్తాను."

"సరే, ఆమెనూ ఆకునూ ఉండనిస్తానండి," అన్నాడు మేనేజరు. " పైవాళ్ళు అడిగితే మాత్రం మీ పేరే చెప్తాను."

సత్తెమ్మ కుప్ప అడుగున చెయ్యి పెట్టింది. పిడికిట్లోకి నల్లమట్టి వచ్చింది.

"ఆయన పోసిందంత తినేసినయా సార్?"

"తిన్నాయమ్మా. పైది కొత్తగా రాలిన ఆకు."

"నేను గట్లనే ఉందనుకుంటున్న." తర్వాత గంప తెచ్చి, ఆ మట్టిని చెట్ల మొదళ్ళకు పోయసాగింది.

మియాపూర్‌లో మా ఇంట్లో, పోయిన నా భార్య చీరలు బీరువాలో ఉండేవి. పురుగు పట్టకుండా ఏటా కలరా ఉండలు మార్చేవాణ్ణి. ఆ వారం ఆ చీరల్ని ఆమె చెల్లెళ్ళకు ఇచ్చేశాను. కొన్నింటిని కాపాడనక్కర్లేదు. ఆ కేసులో నేర్చుకున్నది ఇంతే.

తర్వాత ఒక పండగకి చిన్న మరదలు అందులో ఒకటి కట్టుకొచ్చింది.

"బావా, అక్క చీర మీద పులుసు ఒలకబోసిన," అంది భయంగా.

"కానీయమ్మా," అన్నాను. "ఇంకొంచెం అన్నం పెట్టుకో."