నేను రాసిన ఎపిసోడ్‌కు నేనే సలహాదారునట

ఆరేళ్ళ క్రితం అక్టోబరులో, డబ్లిన్‌లోని ఒక టీవీ నిర్మాణ సంస్థ తన ఆసుపత్రి సీరియల్‌లో నాలుగో ఎపిసోడ్ రాసే పని నాకు అప్పగించింది. హైదరాబాదులో ఏళ్ళ తరబడి సీరియళ్ళు రాసినవాణ్ణి. ఇక్కడికొచ్చాక స్క్రిప్ట్ ఎడిటర్‌గా, అంటే ఇతరులు రాసింది సరిదిద్దే ఉద్యోగిగా, కుదురుకున్నాను. రచయితగా నా పేరు తెర మీద పడితే తర్వాతి సీజన్ రచయితల బృందంలోకి తీసుకుంటారు. రిటైరయ్యేలోపు నాకు మిగిలిన అవకాశం అదొక్కటే.

కథ ఒక తెలుగు నర్సుది. డబ్లిన్‌కు దగ్గర్లోని డ్రోహెడా ఊళ్ళో నర్సుగా చేస్తున్న సునీత ఇంట్లో కూర్చుని, ఆమె డ్యూటీ సంగతులు విని, మూడు ప్రతులు రాశాను. మా పనిలో ప్రతి సవరణకూ ఒక రంగు కాగితం: తెలుపు, నీలం, గులాబీ. గులాబీ ప్రతిలో నిర్మాత రెండు డైలాగులు మార్చాడు. రెండూ చెడగొట్టాడు.

టైటిళ్ళు తయారయ్యేముందు ఎవరి పేరు ఏ హోదాలో పడుతుందో చూపే జాబితా అందరికీ పంపుతారు. అభ్యంతరముంటే వారంలోగా రాసి ఇవ్వాలి. అందులో రచయిత నిర్మాతే. నేను 'సాంస్కృతిక సలహాదారు'నట! ఎవరికిచ్చాను సలహా, నాకు నేనే ఇచ్చుకున్నానా? ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆయన గదికి వెళ్ళి అడిగాను. పొరపాటైందని, సరిచేయిస్తానని చెప్పి టీ ఇచ్చాడు. పెద్దమనిషి ముఖాముఖి మాటిచ్చాక కాగితం పెడితే ఆయన్ను అనుమానించినట్టవుతుందని ఊరుకున్నాను. మనవాళ్ళకే చేతనైన తెలివితక్కువతనం అది.

గడువు దాటిన మర్నాడు మళ్ళీ అడిగాను. జాబితా ఖరారైపోయిందని, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని అన్నాడు. ఎవరూ! నా ముఖం చూస్తూనే అన్నాడా మాట.

ప్రసారమైన రోజు సునీత ఫోన్ చేసింది. "అంకుల్, ఆ మాటలన్నీ మా ఇంట్లో కూర్చుని మీరు రాసినయ్యే గదా! ఆయనెవరో పేరేసుకుంటే మీరెట్టా ఊరుకున్నారు?"

తర్వాతి సీజన్‌కు రచయితల బృందంలోకి నన్ను పిలవలేదు. నిర్మాతే ముఖ్య రచయితయ్యాడు. ఆయన స్క్రిప్టులు దిద్దడానికి నా బల్ల మీదికే వచ్చాయి. రిటైరయ్యేదాకా దిద్దాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదగింది ఇదే. ఎవరైనా మాటిస్తే, ఆ మాటను అదే రోజు ఈమెయిల్‌లో రాసి వాళ్ళకే పంపండి. నిలబెట్టుకునే ఉద్దేశమున్నవాడు దానికి నొచ్చుకోడు.